బకెట్టు నిండిన గాలి

ఆ రోజు పొద్దున ఫ్రిజ్‌ల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, మేడమీది గదిలో తన యంత్రం మీట నొక్కి, రిపేర్లకు వెళ్ళి, సాయంత్రానికి ఒక్క గ్లాసు నీళ్ళు కళ్ళజూడాలి.

పాత ఫ్రిజ్‌ల భాగాలు కూడగట్టి ఆయన చేసిన యంత్రమది. కప్పు మీది సోలార్ పలక కరెంటు ఇస్తుంది. ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి చల్లటి గొట్టాలకు తగిలితే వాటికి చెమట పడుతుంది, ఆ చెమట బకెట్టులోకి కారుతుంది. ఇప్పటిదాకా మాత్రం ఎక్కువ చెమట పట్టింది ఆయనకే. వీధి తవ్వేవాళ్ళు నీళ్ళ గొట్టం పగలగొట్టినప్పటి నుంచి భవనమంతా ట్యాంకరు కోసం పడిగాపులు కాస్తోంది. ఇలాంటప్పుడు బకెట్టు నిండితే తన పేరు మారుమోగిపోదా అని ఆయన ఆశ. దానికి తోడు ఒక భయం కూడా ఉంది. భవన సంఘానికి అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు ఆ గది మీద కన్నేశాడు. కసరత్తు సైకిలు అక్కడ పెట్టుకుంటాడట.

సాయంత్రం మెకానిక్ తలుపు తీసి చూశాడు. బకెట్టు సగానికి పైగా నిండి ఉంది!

"ఏమేవ్! గాలి నీళ్ళయిందే!" అని కేకలు పెడుతూ మెట్లు దిగాడు.

భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "బయట దుమ్ముగా ఉందని ఇవాళ మన దుప్పట్లు మీ గదిలో..."

"ఇంత గొప్ప వేళ దుప్పట్ల గోలేంటే? సైన్సు ముందు బట్టల మాటెత్తకు!"

ఆవిడ తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కానీ ఒక సంగతి మాత్రం ఆవిడ కంటబడకుండా పోలేదు. బరువైన దుప్పట్లు ఆ గదిలో చిటికెలో ఆరి కాగితాల్లా ఫెళఫెళలాడాయి. ఈ మాట పక్కింటి వదినకు చెప్పింది. వదిన కింది అంతస్తుకు చెప్పింది. మర్నాటి నుంచి మెకానిక్ వీధి మలుపు తిరగడం ఆలస్యం, ట్యాంకరు నీళ్ళతో ఉతికిన తడిబట్టల తొట్లు మేడెక్కేవి. ఆయన తిరిగొచ్చేలోగా పొడిబట్టలు దిగిపోయేవి.

బకెట్టు నిండింది. పక్కన పెట్టిన బేసినూ నిండింది. ఫ్యాను రెక్క కాస్త వంచడమే తన విజయరహస్యమని మెకానిక్ నలుగురికీ చెప్పుకున్నాడు. చివరికి మెట్ల మీద అధ్యక్షుణ్ణి ఆపి గ్లాసు చేతికిచ్చాడు.

అధ్యక్షుడు గుటక వేసి కనుబొమలు ముడిచాడు. "ఏదో పరిచయమైన వాసనండీ!"

"స్వచ్ఛమైన గాలి వాసనండీ! మనకే అలవాటు తప్పింది."

"అయితే ఆదివారం అందరి ముందూ చూపించండి. నీళ్ళు రాకపోతే గది ఖాళీ చెయ్యాలి."

"బకెట్టు నిండకపోతే తాళంచెవి తెచ్చి మీ చేతిలో పెడతాను!" అన్నాడు మెకానిక్ రోషంగా.

ఆదివారం పొద్దున్నే యంత్రం నడిపించి, ఎవరో నీళ్ళు పోశారన్న నింద రాకూడదని గదికి తాళం వేశాడు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చున్నాడు.

"తాళం వేస్తే నీళ్ళు రావండీ," అంది భార్య.

"గాలికి తాళం అడ్డమేంటే పిచ్చిదానా!"

సాయంత్రం భవనంలోని మగాళ్ళంతా మేడెక్కారు. మెకానిక్ ఠీవిగా తలుపు తెరిచాడు. బకెట్టు అడుగున ఒక పిచ్చుకకైనా సరిపోని తడి మెరుస్తోంది. అధ్యక్షుడు చెయ్యి చాచాడు. మెకానిక్ తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

అంతలో మెట్ల మీద గాజుల చప్పుడైంది. తడిబట్టల తొట్లతో ఆడవాళ్ళంతా వస్తున్నారు. అందరికంటే ముందు అధ్యక్షుడి భార్య ఉంది.

"పొద్దుట్నించీ తాళమేంటండీ? రేపు ఆస్పత్రికి మీ తెల్లకోటు ఆరొద్దూ?"

అందరూ ఆడవాళ్ళ వెనకే వచ్చిన మెకానిక్ భార్య వైపు తిరిగారు.

"ఆయనకి చెప్పబోయాను. బట్టల మాటెత్తొద్దన్నారు. ఎత్తలేదు," అందావిడ నెమ్మదిగా.

అధ్యక్షుడి ముఖం పాలిపోయింది. "అంటే... మొన్న నేను తాగింది..."

"మీ సాక్సులు కూడా మొన్నే ఆరేశానండీ," అంది ఆయన భార్య.

ఆడవాళ్ళు ఎవరినీ అడక్కుండా బట్టలు తీగల మీద వేసి తలుపు మూశారు. కాసేపటికి లోపల టప్‌మని చప్పుడైంది. ఆ వెనకే మరొకటి. మెకానిక్ తలుపుకు చెవి ఆనించి పసిబిడ్డ మాట విన్నవాడిలా మురిసిపోయాడు.

"ఇది గాలి నీళ్ళు కాదు, గుడ్డల నీళ్ళు! మోసం!" అని అరిచాడు అధ్యక్షుడు.

"గుడ్డల్లోంచి గాలిలోకొచ్చాకే కదండీ నా యంత్రం పట్టుకుంది!" అన్నాడు మెకానిక్.

అధ్యక్షుడి భార్య వాదన వినదలుచుకోలేదు. భర్త చేతిలోని తాళంచెవి లాక్కుని మెకానిక్ భార్యకు ఇచ్చేసింది. "ఇక నుంచి గది ఈ వదినగారి అధీనంలో ఉంటుంది. మీ సైకిలు పడగ్గదిలోనే తొక్కుకోండి."

చీకటి పడేలోగా ఆ భవనంలో ఆరనిది ఒక్కటే మిగిలింది, అధ్యక్షుడి కోపం.