రెండు గేట్ల మధ్య

ఆ రోజు పొద్దున్న జైలు స్టోరు గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి అద్దె గదులు వస్తాయి. పన్నెండింటికల్లా ఆవరణలో దింపిస్తాడు. ఒంటిగంటకు ఇంటికెళ్లి భోంచేసి కాసేపు నడుం వాలుస్తాడు. రిటైరవడానికి ఇంకా రెండు నెలలే ఉంది మరి.

"సంతకం పెట్టేముందు చదవండి," అంది భార్య, ఆయన చెప్పులేసుకుంటుంటే. "పోయినసారి చదవకుండా పెట్టి మూడొందల చీపుర్లు తెప్పించారు."

"ఈసారి చదవడమే కాదే, కొలిచాను కూడా. మూడుసార్లు."

నిజంగానే కొలిచాడు. మహమ్మారి రోజులవి. జైల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఖైదీలేమో అగ్గిపెట్టెలో పుల్లల్లా ఉన్నారు. అందుకని ఆరు రేకు గదులు, రోజుకింత అని అద్దెకు మాట్లాడారు. గేటు వెడల్పూ ఎత్తూ కొలిచి, గదులు పడతాయని సంతకం పెట్టింది గుమాస్తాయే. ఏ గేటుకైనా ఆ రెండు కొలతలే చాలు. కానీ జైలుకు గేట్లు రెండు. బయటి గేటు తాళం పడ్డాకే లోపలి గేటు తీయాలన్నది రూలు. రెంటి మధ్య ఇరవై అడుగులు. వచ్చిన మూడు లారీలూ ఒక్కొక్కటి ముప్పై అడుగులు.

"లారీని రమ్మనండి, నాకేం," అన్నాడు గేటు వార్డరు. "బయటి గేటు మూస్తేనే లోపలిది తీస్తా."

"తోక బయటుంటే ఎలా మూస్తావయ్యా?" అన్నాడు గుమాస్తా.

"తోక కోసుకుని రమ్మనండి."

గొడవ విని సూపరింటెండెంటు వచ్చాడు. "ఒక్క నిమిషం రెండూ తియ్యవయ్యా బాబూ!"

"రెండూ తెరిస్తే నా ఉద్యోగం మూస్తారు సార్. కాగితమ్మీద రాసివ్వండి, ఇప్పుడే తీస్తా."

కాగితం మాట వినగానే సూపరింటెండెంటు గోడకేసి చూశాడు. అలా చూడగా చూడగా ఆయనకు క్రేను గుర్తొచ్చింది.

క్రేనుకు గంటకయ్యే అద్దె, ఆరు గదులకూ ఒక రోజుకయ్యే అద్దెకు రెట్టింపు. అయినా వచ్చింది. ఒక్కో గదీ గోడ మీదుగా తేలుకుంటూ లోపలికి దిగుతుంటే ఖైదీలు చప్పట్లు కొట్టారు.

"గోడ దూకి బయటికెళ్లడం విన్నాం గానీ, లోపలికి దూకడం ఇదే చూడ్డం!" అని ఒకడు అరిచాడు.

మూడింటికి పని అయిపోయింది. అందరూ కలిసి టీ తాగారు. క్రేను డ్రైవరు బిల్లు మీద సంతకం కోసం గేటు దగ్గరికొస్తే, వార్డరు కిటికీలోంచి జ్వరం చూసే మిషను తీసి నుదుటి దగ్గర పెట్టాడు. నూటరెండు.

"నాకు జ్వరమేంటి సార్, నిక్షేపంగా ఉన్నా!" అని అతను మొత్తుకున్నాడు.

జైలు డాక్టరు పరుగున వచ్చాడు. "ఇతనితో టీ తాగిందెవరు?"

సూపరింటెండెంటు, గుమాస్తా, ముగ్గురు లారీ డ్రైవర్లు. క్రేను డ్రైవరుతో కలిపి ఆరుగురు.

"ఆస్పత్రిలో మంచాల్లేవు. మీకు కొత్త గదులు ఆరున్నాయిగా. పద్నాలుగు రోజులు."

"అవి ఖైదీలకండీ!" అన్నాడు గుమాస్తా.

"తాళం బయటినుంచే వేయిస్తా, లోటేమీ ఉండదు."

నాలుగో రోజున చిన్న కేసుల వాళ్లందరినీ ఇళ్లకు పంపేయమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. జైలు సగం ఖాళీ అయింది. ఏ కేసూ లేకపోయినా ఇళ్లకు పోలేనివాళ్లు రేకు గదుల్లోవాళ్లే. బయట మూడు లారీలూ క్రేనూ అద్దె తింటూ నిలబడే ఉన్నాయి. యావజ్జీవం పడిన వంటాయన రోజూ క్యారియర్లు తెచ్చిచ్చేవాడు.

"కొత్తలో ఇలాగే ఉంటుంది బాబాయ్. మూడో వారానికి అలవాటైపోద్ది."

"నాకు రెండు వారాలేరా."

"అందరూ అలాగే అనుకుంటారు."

పదో రోజున క్రేను డ్రైవరుకు ఏ జబ్బూ లేదని పరీక్ష తేల్చింది. అయితే రూల్లో పద్నాలుగని ఉంది.

పదమూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆడిటరు వచ్చాడు. గదులు లెక్కపెట్టాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు. "ఖైదీల గదుల్లో ఖైదీ ఒక్కడూ లేడు. క్రేను దండగ, లారీలు దండగ, గదులు దండగ. సంతకం చేసినాయన పింఛనులోంచి రాబట్టాల్సిందే," అని రాసుకున్నాడు.

గుమాస్తా ఇంటికి ఫోన్ చేశాడు.

"చదవమన్నానా?" అంది భార్య.

"చదివానే. కాగితంలో లేని గేటును ఎలా చదవను?"

ఆయన గది లోపలి గేటుకు ఎదురుగా ఉంది. చూస్తుండగానే ఆడిటరు బయటికి పోతూ ఆ గేటు దాటాడు. వెనకాల తాళం పడింది. వార్డరు కిటికీలో చెయ్యి పెట్టి జ్వరం మిషను తీశాడు. ఆ కిటికీలో ఎండ ఫెళ్లున కాస్తోంది. పొద్దుట్నుంచీ మిషను అక్కడే ఉడుకుతోందని గుమాస్తాకు అప్పుడు వెలిగింది. చెబుదామని నోరు తెరిచాడు. పింఛను గుర్తొచ్చింది. మూశాడు.

నూటరెండు.

"బయటికి పోవడానికి రూలొప్పుకోదు," అన్నాడు డాక్టరు. "లోపల ఖైదీల మధ్య పెట్టకూడదు, విడిగా ఉంచడానికేమో రేకు గది ఖాళీ లేదు."

"మరి నేనెక్కడుండాలయ్యా?"

"ఈ రెండు గేట్ల మధ్యే. బెంచీ ఉంది," అన్నాడు వార్డరు.

ఆడిటరు బెంచీని చూశాడు, రెండు తాళాలనూ చూశాడు. "ఏడో గది తెప్పించండి! ఇప్పుడే!"

"తెప్పిస్తే దండగ ఖర్చంటారేమో సార్," అన్నాడు గుమాస్తా తన కిటికీలోంచి. "ఆరు గదులూ అవసరానికే వాడుతున్నారు, ఏడోది అత్యవసరం అని తమరే రాసిస్తే..."

వంటాయన చేత కాగితం పంపించాడు. అది ఊచల మధ్యనుంచి ఆడిటరు చేతికి చేరింది.

"చదివి పెట్టండి సార్. మా ఆవిడ చెబుతుంటుంది."

ఆడిటరు చదవకుండానే పెట్టాడు. క్రేను ఎలాగూ బయటే ఉంది కాబట్టి, దాన్ని మళ్లీ పిలిపించే ఖర్చు మాత్రం ప్రభుత్వానికి కలిసొచ్చింది.