ఆరు పంటి గాట్లు

ప్రిన్సిపాల్ తాయారు మేడం మణికట్టు మీద ఆరు పంటి గాట్లున్నాయి. ఆరూ దుర్గ కూతురివే. పిల్లను బడిలో దింపి, అటునుంచి రైతుబజారుకు వెళ్దామని బయల్దేరిన ఆమె, ఖాళీ సంచీని గుండెలకు హత్తుకుని కుర్చీ అంచున కూర్చుండిపోయింది.

"నెలలో తొమ్మిది కంప్లైంట్లండీ. కొరకడం, రక్కడం. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదు. శుక్రవారంలోపు మారకపోతే టీసీ ఇచ్చేస్తాం."

ఐదేళ్ళ శ్రీసత్యకు ఆ సీటు దొరకడానికి దుర్గ రెండు వేసవులు దువ్వాడ మొత్తం తిరిగింది.

ఇంట్లో దర్యాప్తు మొదలైంది. మొదటి ముద్దాయి సెల్‌ఫోను, బియ్యం డబ్బాలోకి పోయింది. రెండో ముద్దాయి చాక్లెట్లు, అవీ బంద్. మర్నాడు పిల్ల బడి ఆయాను కొరికింది.

పిల్లల డాక్టరు గురునాథరావు అంతా విన్నాడు. "నిద్ర చాలట్లేదమ్మా. నిద్ర తక్కువైతే పెద్దవాళ్ళు తూగుతారు, పిల్లలు రెచ్చిపోతారు. ఎన్ని గంటలు పడుకుంటుంది?"

"తొమ్మిది గంటలండి! మా మావయ్య గదిలోనే. ఆయన్నే అడగండి."

వెంట వచ్చిన మామగారు పోలిరాజు భీమిలిలో చేపల వేట మానేసి, నెల క్రితమే కొడుకు ఫ్లాటుకు చేరిన మనిషి. "రాత్రల్లా పక్కనే ఉంతాను గదా బాబూ. కిక్కురుమనదు" అని సాక్ష్యం చెప్పాడు.

డాక్టరు దుర్గను అనుమానంగా చూశాడు. "ఇంట్లో గొడవలేమైనా..."

"మా ఆయనకి నైట్ షిఫ్టండి. గొడవాడ్డానికి మనిషి దొరకాలి గదా!"

శుక్రవారం అందరూ ప్రిన్సిపాల్ గదిలో హాజరయ్యారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి తిన్నగా వచ్చిన దుర్గ భర్త వాసు, "మా అమ్మాయి అలాంటిది కాదు మేడం, దానికసలు..." అంటూనే బల్ల మీదికి వాలి గురక పెట్టాడు.

"పొద్దున్నే తాగొచ్చారా?" మేడం అదిరిపడింది.

"నిద్రండీ! ఒట్టు, నిద్రే!" అంది దుర్గ.

మేడం టీసీ పుస్తకం తెరిచి పేరు రాయడం మొదలుపెట్టింది. ఈలోగా శ్రీసత్య కూడా తాత ఒళ్ళో తూగింది. దుర్గ కంగారుగా కూతురి భుజం తట్టింది. పిల్ల దిగ్గున లేచి నిలబడి, కళ్ళు తెరవకుండానే అరిచింది.

"షిప్పులేటీ రానేదు తాతా! నా వంతయిపోనాది. ఇంక నువ్వు లెగు!"

మళ్ళీ ఒళ్ళో పడిపోయింది. మేడం పెన్ను ఆగింది. దుర్గ మెల్లగా మామగారి వైపు తిరిగింది.

"వంతేటి మావయ్యా?"

పోలిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. పడవ మీదైతే అందరం ఒక్కపాలి పడుకోం గదా. సీకట్లో షిప్పొచ్చి గుద్దేత్తాదని వంతులేసుకుని కాపలా కాత్తాం. యాభై ఏళ్ళ అలవాటు, కాపలా నేకపోతే నాకు కన్ను మూతపడదు. ఆడు డూటీకెళ్ళిపోతాడు. నువ్వు సూత్తే అలిసిపోయి పడుకుంతావు. అందుకని రెండింటిదాకా నాను, తెల్లారిందాకా అది, కిటికీ కాడ కూకునీవోళ్ళం."

తాయారు మేడం రాసిన కాగితాన్ని నిలువునా చించేసింది. అది చూసి పోలిరాజుకు ధైర్యం వచ్చింది.

"తప్పే, ఒప్పుకుంతన్నాను. కానొక్క మాట సెప్పమ్మా. ఈ నెల్లాళ్ళలో ఒక్క షిప్పయినా మన ఫ్లాటుని గుద్దినాదా?"