గోడపత్రిక మాయమైన సోమవారం

“కల్లూరు నుంచి కడప దాకా జల్లెడ పట్టినా నా అంత బుర్ర ఇంకోటి దొరకదు మే! నేరం యాడ ఊపిరి పీల్చినా ఈ ముక్కుకు తెలిసిపోతాది.”

భూపేష్ ముక్కు మీద వేలు పెట్టుకుని ఈ ప్రకటన చేస్తున్నప్పుడు మహిమ బల్ల కింద వెతుకుతోంది. తల ఎత్తలేదు. మొన్న అతని డబ్బాలోని ఉగ్గానిని పక్క బెంచీ వాళ్లు అడుగంటా ఊడ్చేసినా ఆ ముక్కు పసిగట్టలేదని ఆమెకు తెలుసు.

ఆ చిన్న హైస్కూల్లో ఏసేపు సారు తెలుగు చెప్పేవారు. పిల్లలే రాసే పత్రిక ఒకటి ఉండాలని ఆయన కోరిక. వానాకాలంలో ఆయన పోయారు. కోరిక మిగిలింది. హెడ్మాస్టరు రంగస్వామి పదో తరగతి మహిమను ఎడిటరుగా పెట్టి, వరండాలో ఒక గోడ ఇచ్చారు.

“సోమవారం ప్రార్థన గంట కొట్టేలోపల పత్రిక గోడ మీదుండాల. లేదంటే ఆడ ర్యాంకుల ఫ్లెక్సీ కట్టిస్తా” అన్నారు.

సిబ్బందిని కూర్చడమే పెద్ద యుద్ధమైంది. ఆటల వార్తలకు సగం తరగతి ఎగబడింది. తప్పులు దిద్దడానికి ఒక్కరూ రాలేదు. వాతావరణం తీసుకున్న పిల్ల “ఎండ” అని రాసిచ్చి, ఇది ఏడాదంతా వాడుకోవచ్చంది. ఆటలు గిడ్డయ్యకు, బొమ్మలూ అతికించే పనీ చిన్న ఈరన్నకు దక్కాయి. భూపేష్ మాత్రం నేరవార్తలు తప్ప మరొకటి ముట్టనన్నాడు. నేరమే జరగని బడిలో తన గడి ఖాళీగా మిగిలితే, “త్వరలో” అని రాసి కింద సంతకం చేశాడు.

శనివారం సాయంత్రం పెద్ద చార్టు మీద అన్నీ అతికించి, లెక్కల గదిలో బల్ల మీద ఆరబెట్టారు. సోమవారం పొద్దున బల్ల ఉంది. పత్రిక లేదు. అందులో ఏసేపు సారు మీద మహిమ రాసిన వ్యాసం ఉంది. చిత్తుప్రతి లేకుండా నేరుగా ఆ చార్టు మీదే రాసింది. మళ్లీ అలా రాయగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

“ఎవురూ కదలాకండి!” భూపేష్ తలుపు మూశాడు. “అందరూ కింద పరిచిన జంఖానా మీద కూసోండి. విచారణ మొదులు.”

“గంట కొట్టేదానికి పది నిమిషాలు గూడా లేదు రా” అంది మహిమ.

“మేధావిని తొందర పెట్టాకు మే. గిడ్డయ్యా! చెయ్యి చాపు. ఇదిగో, గోళ్లలో తెల్లపొడి! ప్రాణాంతక విషం!”

“మైదా గంజి అప్పా అది. శనివారం అతికిస్తిమి గదా.”

“అయితే నిన్నంతా చెయ్యి కడుక్కోలేదా? అన్నం ఎట్ల తింటివి?”

“ఇది ఎడమ చెయ్యి.”

ఆ జవాబుకు తిరుగు లేదు. అయినా భూపేష్ పరిశోధన కోసం ఆ గంజిని గోటితో గీకి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకున్నాడు.

“చప్పగా ఉండాది. శానా తెలివైన విషం.”

“శనివారం కడాకు గదిలో ఉన్నింది చిన్న ఈరన్న. వాణ్ని అడిగితే సరిపోతాది” అంది మహిమ.

“యాడ వాడు? పారిపోయినాడు!”

“పారిపోలేదు రా. వాళ్లూర్లో ఆటో నిండితే గానీ కదలదు.”

“అదే వాడి పన్నాగం. వస్తే దొంగ. రాకపోతే గజదొంగ. చూడండి, ఆ నేరం ఎట్ల జరిగిందో కండ్లకు కట్టిస్తా.”

భూపేష్ చొక్కా కాలరు పైకెత్తాడు. లేని పత్రికను బల్ల మీద నుంచి రెండు చేతులా ఎత్తుకున్నాడు. “దొంగ వెనక్కి నడుస్తాడు. ఎందుకు? పాదాల గుర్తులు చూసినోళ్లు, లోపలికి వచ్చినాడే గానీ బయటికి పోలేదనుకుంటారు. అంతర్జాతీయ ముఠాల పద్ధతి!”

“గోడ ఉండాది రా వెనక!” అని గిడ్డయ్య అరిచాడు.

అంతర్జాతీయ ముఠా ఉలిక్కిపడి పక్కకు తిరిగింది. జంఖానా అంచు కాలికి చుట్టుకుంది. పడుతూ పడుతూ భూపేష్ రెండు చేతులా దాన్నే పట్టుకుని లాగాడు. వాతావరణం ఒక పక్కకు, ఆటలు ఒక పక్కకు దొర్లిపోయాయి.

జంఖానా కింద పత్రిక ఉంది. ముడత లేదు, మడత లేదు.

“అనుకున్నట్టే!” అన్నాడు భూపేష్ నేల మీద నుంచి.

మహిమ మోకాళ్ల మీద కూర్చుంది. తన వ్యాసం వెతుక్కుని, దాని మీది దుమ్మును చున్నీతో మెల్లగా తుడిచింది.

అప్పుడే చిన్న ఈరన్న రొప్పుతూ వచ్చాడు.

“దొరికెనా? గంజి ఆరేకొద్దీ కాగితం దోసె మాదిరి చుట్టుకుంటాండె. సాపు కావాలని నేనే కింద పెట్టినా. మా ఇంట్లో ఇస్త్రీ అంతా పరుపు కిందనే. ఏందీ, మీరంతా దాని మీదే కూసున్యారా? శానా మంచి పని చేసినారు. బరువు సాలదేమోనని ఆదివారమంతా నాకు ఒకటే దిగులు.”

పత్రికను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని పరుగెత్తారు. ఆఖరి మేకు దిగుతుండగా గంట మోగింది.

ప్రార్థన అయ్యాక పిల్లలు గోడ మీద పడ్డారు. అందరూ తరగతులకు వెళ్లిపోయాక రంగస్వామి సారు ఒక్కరే అక్కడ నిలబడ్డారు. మహిమ వ్యాసం ముందు ఆగి చదివారు. అయిపోయాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టారు. కళ్లద్దాలు తీసి, చేతిరుమాలు బయటికి తీశారు.

స్తంభం చాటు నుంచి భూపేష్ మహిమ చెవిలో గుసగుసలాడాడు. “గమనించు మే. కండ్లు ఎర్రగుండాయి. ముక్కు తుడుచుకుంటాండాడు. ఇంక అనుమానమే లేదు. సారుకు జలుబు!”

మహిమ అటే చూస్తూ తల ఊపింది.

“అవునప్పా. జలుబే.”