చీర కట్టిన జలపాతం

పద్మజకు భర్త మీద పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. తాగడు, పేకాడడు, కూరలో ఉప్పు తగ్గితే లేచి తనే వేసుకుంటాడు. ఉన్న లోపమల్లా ఒక్కటే. సుదర్శన్ జీవితంలో ఎన్నడూ పొరపాటు చేయలేదు. చేసేవన్నీ ఎదుటి మనుషులు, లేదంటే వస్తువులు. కిందటేడు ఆమె ఆకుపచ్చ గద్వాల చీరను తనే ఇస్త్రీ చేస్తానని పట్టుబట్టి, పట్టు కొంగు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ మిగిల్చినప్పుడు కూడా, "చీరలనే ఏదో తేడా ఉంది" అన్నాడు. ఆ చీర పద్మజ నుంచి అత్తగారు లక్ష్మీదేవమ్మకు చేరింది. తేడా మాత్రం నాగర్‌కర్నూల్‌లో వాళ్లింట్లోనే ఉండిపోయింది.

విహారయాత్రల సంగతీ అంతే. సముద్రంలా ఉంటుందని నడివేసవిలో కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్తే, మిగిలిన కాస్త బురదలో బర్రెలు పడుకుని ఉన్నాయి. "నీళ్లు ఎనుకకు పోతె నేనేం చేస్త?" అన్నాడు. గద్వాల కోట చూపిస్తానని తీసుకెళ్లిన రోజు లోపలి కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి. గేటు దగ్గర పద్మజను హాల్ టికెట్ అడిగారు. "సదువుకునే పిల్ల లెక్క కనిపించినవ్, సంతోషపడు" అన్నాడు. పద్మజ సంతోషపడటానికి ప్రయత్నించింది. ఎండ ఎక్కువగా ఉండి కుదరలేదు.

అందుకే ఆ ఫిబ్రవరి ఆదివారం పొద్దున్నే సుదర్శన్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఆమెకు కృష్ణ ఒడ్డు బర్రెలు గుర్తొచ్చాయి.

"పద్మా, సామాన్లు సదురు. జలపాతం చూడనీకి పోతున్నం. ధరూర్ దిక్కు."

"ధరూర్ దిక్కు జలపాతమా? మీరు పుట్టి పెరిగింది ఆడనే గద. ఎన్నడన్న చూసిండ్రా?"

"ఈ మధ్యనే బయటపడ్డదంట. నరేందర్ సార్‌ను, మేడమ్‌ను గూడ రమ్మన్న."

నరేందర్ ఆయన ఆఫీసులో సూపరింటెండెంటు. ఊటీ వెళ్లొచ్చిన దగ్గర నుంచి ఆఫీసులో ఎవరి ఫైలు ముట్టుకున్నా ఊటీ పొగమంచు గురించి చెబుతున్నాడు. ఆయన నోరు మూయించే ప్రదేశమొకటి పాలమూరులోనే ఉందని తెలిశాక సుదర్శన్‌కు నిద్ర పట్టలేదు.

ఫోన్‌లో వీడియో ఆడుతోంది. బండరాళ్ల మధ్య నుంచి నీళ్లు మనిషెత్తు ఎగిసి, ఎండలో మెరుస్తూ కిందికి దూకుతున్నాయి. వెనక భక్తిపాట. కింద పెద్ద అక్షరాలు: 'ఎండాకాలంలోనూ ఆగని గంగమ్మ జలపాతం! ఇక్కడ చీర కట్టి మొక్కుకుంటే కోరిక తీరును.' నిజంగానే నీళ్లు పుట్టే చోట ఎవరో చీర కట్టారు. ఆకుపచ్చ చీర.

అంతలో సుదర్శన్ తండ్రి బక్కయ్య ఫోన్ చేశాడు. ఆయన ఈ ఏడే కృష్ణ దిక్కున కొత్తగా నాలుగెకరాలు కౌలుకు పట్టి పల్లి వేశాడు. కొడుకు గానీ కోడలు గానీ ఆ చేను ఇంతవరకు చూడలేదు. నది ఒడ్డున ఐదుగురు రైతులు కలిసి పెట్టుకున్న మోటరు ఒకటుంది. ఒకే పైపు మీద వంతులవారీగా నీళ్లు పారించుకుంటారు. బక్కయ్య చేనుకు నీళ్లు మళ్లించే వాల్వును సుదర్శనే నాగర్‌కర్నూల్‌లో కొని బస్సులో పంపాడు. బిగించిన రోజు నుంచీ అది చిమ్ముతోంది.

"బిడ్డా, వాల్వు చిమ్ముడు ఇంక ఎక్కువైంది. పల్లి పీకేటి యాళ్లకు చేనంత మడుగైతుంది. కాయ భూమిలనే మొలకొస్తది. నేను ఇప్పి మార్పిస్త."

"ఇప్పకు నాయినా! ఇప్పితె గ్యారంటీ పోతది. అది కంపెనీ మాలు. నువ్వే సక్కగ బిగియ్యలే. నేనొచ్చి చూస్త."

"నెల సంది గదే చెప్తున్నవ్. మోటరు బంద్ చేద్దమంటె కింద నలుగురి వరి ఎండుతది. ఇయ్యాల రారాదు? ఆయితారమే గద."

"ఇయ్యాల ఆఫీసుల మీటింగుంది నాయినా. పెద్ద సార్ పెట్టిండు." ఫోన్ పెట్టేశాడు.

పద్మజ నిట్టూర్చింది. నీళ్లు నిలిచిన పల్లి చేను ఏమవుతుందో ఆమెకు తెలుసు. కౌలు భూమిలో కాయ పోతే మామ మళ్లీ లేవడు. "ధరూర్ దాకా పోతున్నం గద. జర చేను కాడికి కూడ పోయొద్దం."

"సార్‌ను తీస్కపోయి పల్లిచేను చూపియ్యాల్నా?"

ఆమె వీడియో మళ్లీ పెట్టి, చీరను వేళ్లతో పెద్దది చేసి చూసింది. తడిసిన కొంగు మీద గోధుమరంగు మచ్చ. ముందు కొసగా, వెనక వెడల్పుగా ఉంది.

"ఈ చీర నేను యాడనో చూసిన."

"గద్వాల చీరలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్" అన్నాడు సుదర్శన్.

పద్మజ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. మచ్చ సంగతి చెబితే ఆయన ప్రయాణం మానుకుంటాడు. మానుకుంటే చేను మునుగుతుంది. పులిహోర డబ్బా పక్కన భర్త పాత లుంగీ ఒకటి, రబ్బరు చెప్పులు పెట్టుకుని కారెక్కింది.

వనపర్తి దాటేదాకా నరేందర్ ఊటీ చెప్పాడు. ఆయన భార్య హెప్సిబా మేడమ్ కిటికీలోంచి పత్తి కట్టెలు చూస్తూ ఒకటి రెండుసార్లు ఆవులించింది. ఇంటర్ చదివే పద్మజ కూతురు శ్రుతి చెవుల్లో పాటలు పెట్టుకుంది. అమరచింతలో టీ తాగడానికి ఆగితే, హోటల్ బాలమ్మ గ్లాసులు కడుగుతూ వాళ్లను ఎగాదిగా చూసింది.

"గంగమ్మ కాడికేనా? పొద్దుగాల నుంచి మీ అసొంటోళ్లే పోతుండ్రు. టెంకాయ కొన్నరా మరి?"

"జలపాతానికి టెంకాయెందుకమ్మా?" అన్నాడు నరేందర్.

"ఏమో సారూ. చీరలు గిట్ల కడుతుండ్రు. ఆ చేనాయనైతె మొత్తుకుంటుండంట, దేవత గాదు ఏం గాదు, పోండ్రి అని. తన చేన్ల ఎలిసిందని దాసిపెడుతుండు, ముసలోడు!"

"గిట్లాంటోళ్ల తోనే మన టూరిజం ఎనుకబడ్డది" అని సుదర్శన్ తల పంకించాడు. పద్మజ టీ గ్లాసు వెనక మొహం దాచుకుంది.

జూరాల కట్ట మీదుగా అవతలికి దాటి ధరూర్ దారి పట్టగానే మళ్లీ బక్కయ్య ఫోన్. కారు స్పీకర్లో ఆయన గొంతు అందరికీ వినిపించింది. "బిడ్డా, జనం ఎక్కువైండ్రు! చేను తొక్కుతుండ్రు! జర నువ్వన్నా వచ్చి..."

"నాయినా, మీటింగ్‌ల ఉన్న. పెద్ద సార్ పక్కనే ఉన్నడు."

పక్కనే ఉన్న పెద్ద సార్ ఇబ్బందిగా కదిలాడు. సరిగ్గా అప్పుడే ఒక మేకల మంద కారును చుట్టుముట్టింది.

"మీటింగ్‌ల మ్యాకలు అరుస్తున్నయ్ ఏంది?"

"అవీ... ఆఫీసు ముంగట పోతున్నయ్."

"మంచిగుంది" అని బక్కయ్య పెట్టేశాడు. జనం ఎందుకొచ్చారని అడగాలని సుదర్శన్‌కు తోచలేదు. తోచేవాడైతే పద్మజకు హాల్ టికెట్ అవసరం పడేది కాదు.

తారు రోడ్డు దిగి బండ్ల బాటలో కొంచెం దూరం వెళ్లాక కారు ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. చుట్టూ చేన్లలో దుమ్ము రేగుతుంటే బాట మాత్రం మోకాలి లోతు బురద. సుదర్శన్ కొత్త తెల్ల బూట్లతో దిగి, తెల్లవి కాని బూట్లతో నిలబడ్డాడు.

"ఎవడో బుద్ధి లేనోడు నీళ్లు బాట మీదికి ఇడ్సిండు సార్! గిసొంటోళ్ల మీద కేసు పెట్టాలె!"

"పెట్టాల్సిందే" అన్నాడు నరేందర్, ఊటీలో కూడా ఇంత జారలేదని గుర్తు చేసుకుంటూ.

"పెడుదురు తియ్యండ్రి" అని పద్మజ రబ్బరు చెప్పులు అందించింది. "ఇగో, ఇవి ఏస్కోండ్రి. లుంగీ కూడ ఉంది."

"నీకెట్ల తెలుసు బురదుంటదని?"

"మీ తోని పోతున్నప్పుడు ఏదో ఒకటి ఉంటది గద."

సుదర్శన్ లుంగీ కట్టుకున్నాక నడిచి వెళ్లారు. మలుపు తిరగగానే నీళ్ల చప్పుడు, వెంటనే జనం. బైకులు, ఆటోలు, సెల్ఫీలు. బండరాళ్ల మధ్య నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. మొదట కట్టిన ఆకుపచ్చ చీర మీద ఇప్పుడు ఎర్రవి, పసుపువి కలిసి ఒక గుట్టైంది. దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. సందులోంచి నీలం రంగు ప్లాస్టిక్ పైపు ముక్క కనిపిస్తోంది. అది ఎవరి భక్తికీ అడ్డం రాలేదు.

గట్టు మీద ఒక ముసలాయన పార పట్టుకుని కూర్చున్నాడు. ఎవరినీ అదిలించడం లేదు. అదిలించే ఓపిక పొద్దున్నే అయిపోయినట్టుంది.

"డాడీ," అంది శ్రుతి చెవుల్లోంచి పాటలు తీసి. "గాయన తాత గద?"

సుదర్శన్ వెనక్కి తిరిగాడు. వెనక నరేందర్ సార్ ఉన్నాడు. ముందుకు తిరిగాడు. ముందు తల్లి లక్ష్మీదేవమ్మ ఉంది.

"వచ్చినవా కొడుకా! మీటింగ్ అయిపోయిందా?" అని, కోడలి చేయి పట్టుకుంది. "ఏం చెప్పాలె పద్మజా. చిమ్ముడు ఆగుతదేమోనని నువ్విచ్చిన చీర పైపుకు సుట్టిన. మన మోటరు వంతుల ఉన్న మందుల షాపు సతీష్ ఫోన్ల తీసి నెట్ల పెట్టిండు. తెల్లారేసరికి నేను సుట్టిన చీరకే మొక్కుతుండ్రు. నన్నే చెప్పులిడ్సి రమ్మంటుండ్రు!"

బక్కయ్య మెల్లగా లేచి నరేందర్‌కు దండం పెట్టాడు. "సార్, మీరేనా పెద్ద సార్? ఆయితారం గూడ మీటింగులు పెట్టి మా పిలగాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి సార్." నరేందర్ నేల వంక చూశాడు. నేలంతా నీళ్లే.

తర్వాత ముసలాయన వంగి ఒక పల్లి మొక్క పీకాడు. కొడుకు చేతిలో పెట్టాడు. కాయలు పగిలి, తెల్లటి మొలకలు వేలెడంత బయటికొచ్చాయి. "ఈ పక్కంత గిట్లనే ఉంది. ఆ పక్కన ఇంక సగం మంచిగుంది. ఇయ్యాల బందైతే అదన్న దక్కుతది. కొత్త వాల్వు తెచ్చి గుడిసెల పెట్టిన. నువ్వు ఇప్పద్దంటివి గదా, ఇప్పలే."

సుదర్శన్ ఆ మొక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్యారంటీ గురించి ఏదో అనబోయి, మొక్కను తండ్రికి తిరిగి ఇచ్చేసి, లుంగీ ఎగ్గట్టి పైపు వైపు నడిచాడు. చీరల మీద చెయ్యి పడిందో లేదో, వనపర్తి నుంచి మొక్కుకోవడానికొచ్చిన జానకమ్మ అడ్డం కూర్చుంది.

"ఏయ్! గంగమ్మను ముడ్తవా? కండ్లు పోతయ్!"

"గంగమ్మ కాదమ్మా, ఇది వాల్వు."

"వాల్వా? గట్టి వాల్వేనా?"

"కంపెనీది."

"కంపెనీ వాల్వైతె గిట్ల ఎందుకు చిమ్ముతది? చిమ్ముతుందంటె అమ్మవారే!"

జనం ఔనన్నారు. సుదర్శన్ ఇరుక్కుపోయాడు. వాల్వు మంచిదైతే ఇది దేవత. దేవత కాకపోతే వాల్వు మంచిది కాదు. మూడో దారి కోసం అలవాటుగా తండ్రి వైపు చూశాడు. "బిగించుడు..." అని మొదలుపెట్టాడు. బక్కయ్య మళ్లీ గట్టు మీద కూర్చున్నాడు. మొలకెత్తిన కాయలను ఒక్కొక్కటిగా ఒలిచి గట్టు మీద పెడుతున్నాడు, విత్తనానికైనా పనికొస్తాయా అన్నట్టు. పనికిరావని ఆయనకే తెలుసు.

పద్మజ మొదటిసారి భర్తకు ఏ సాయమూ చేయకుండా నిలబడింది.

"సైజు వేరే" అన్నాడు సుదర్శన్ గొణుగుతూ.

"ఏందీ?" అంది జానకమ్మ. "నీళ్ల సప్పుడుకు ఇనొస్తలేదు."

"వాల్వు సైజు వేరే అంటున్న!"

"ఎవరు తెచ్చిండ్రు మరి?"

బక్కయ్య అప్పటికే మోటరు దగ్గరున్న సతీష్‌కు ఫోన్ చేస్తున్నాడు. "బంద్ చెయ్యి, జరసేపే" అని. ఆ సంగతి సుదర్శన్‌కు తెలియదు. ఎదురుగా హోరెత్తుతున్న నీళ్లను మించేలా, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

"నేనే తెచ్చిన! సైజు చూడకుండ కొన్న! మా నాయిన సక్కగనే బిగించిండు! తప్పు నాది!"

మోటరు ఆగింది. మొదటి ముక్క దగ్గరే నీళ్లు చప్పున కూలిపోయాయి. మిగిలిన మాటలన్నీ నిశ్శబ్దంలో చేన్ల మీదుగా కృష్ణ దాకా వెళ్లి, అవతలి గుట్టకు తగిలి, 'తప్పు నాది' మటుకు తిరిగి వచ్చింది. జానకమ్మ లేచి చీర దులుపుకుంది. తెచ్చిన టెంకాయ అక్కడే ఉంచాలా, వాపసు తీసుకోవాలా తేలక కాసేపు ఊగిసలాడి, తీసుకుంది. జనం బైకుల వైపు కదిలారు. నరేందర్ సార్ ఎన్నాళ్ల తర్వాతో ఊటీ ఊసెత్తకుండా నిలబడి చూస్తున్నాడు.

లక్ష్మీదేవమ్మ గుడిసెలోంచి కొత్త వాల్వు తెచ్చింది. తండ్రీ కొడుకులు బురదలో కూర్చుని పాతది విప్పారు. సగం చేను పోయింది. సగం, ఆ రాత్రికి నీళ్లు ఇంకితే, దక్కొచ్చు. "గిప్పుడన్న వస్తివి" అన్నాడు బక్కయ్య. అందులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేదని పద్మజకు అనిపించింది.

ఆమె తడిసి ముద్దైన ఆకుపచ్చ చీరను పిండి గట్టు మీద ఆరేసి, దాని పక్కనే కూర్చుని, తండ్రి పక్కన బురదలో ఉన్న భర్తను చూస్తూ పులిహోర డబ్బా మూత తీసింది. పెళ్లైన ఇన్నేళ్లలో భర్త తీసుకెళ్లి చూపించినవాటిలో, ఇంత దూరం వచ్చి చూడదగ్గది ఆమెకు ఇదొక్కటే కనిపించింది.