చేతులు మారిన నీలం

...అయినా, విద్యుదావేశం తానున్న చోటు వదలాలంటే పక్కచోటు ఖాళీగా ఉండాలి కదా, అనుకుంటూ ఆ శాస్త్రవేత్త స్నానాలగదిలో నీళ్ళ మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని పరిశోధనంతా వేలెడు పొడవున్న ఒక ప్లాస్టిక్ పొర మీద. బ్యాటరీ తగిలిస్తే విద్యుదావేశం ఒక అణువు నుంచి పక్క అణువుకు గెంతుతుంది. గెంతినంత మేరా పసుపు రంగు నీలమవుతుంది. నెలల తరబడి ఆ నీలం సగంలోనే ఆగిపోతోంది. ఇవాళ పైఅధికారుల ఎదుట చివరిదాకా రాకపోతే పరిశోధనకు తాళమే. పొరను విడిచి ఉండలేక రాత్రి ఉప్పునీళ్ళ గిన్నెలో ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. కడుపులో మాట పెదవి దాటనివ్వని మనిషి.

స్నానం ముగించి వచ్చేసరికి గిన్నె లేదు.

"అడ్డంగా ఉందని అమ్మకిచ్చానండీ," అంది భార్య.

"నాకేమో కూరలు తరగాలాయె. మీ మామగారికి అందించాను బాబూ," అంది అత్తగారు.

"పేపరు తడుస్తోందని మావాడి చేతిలో పెట్టానల్లుడూ," అన్నాడు మామగారు.

వీధిగదిలో బావమరిది గిన్నె తుడుస్తున్నాడు. "అడుగున ఏదో పసుపు ముక్క, ఎంత గీకినా రాలేదు బావా! నీళ్ళు పారబోసి తళతళలాడించేశా."

అతను గిన్నె లాక్కుని చూశాడు. పొర అడుగునే ఉంది, ఉప్పునీళ్ళే లేవు. గెంతే ఆవేశానికి ఉప్పులోని కణాలు తోడు నడవాలి. తోడు లేనిదే అది కదలదు.

"ఉప్పు!" అని కేక పెట్టాడు. భార్య నీళ్ళు పోసి చెంచాడు వేసింది. ఆమె వేసిందో లేదోనని అత్తగారు ఇంకో చెంచాడు వేసింది. మామగారు గుప్పెడు కుమ్మరించాడు.

"చిటికెడు చాలు! ఎక్కువైతే పొర చెడిపోతుంది!" అన్నాడతను. అప్పటికే ఆలస్యమైంది. ఇన్నాళ్ళూ ఆ భయంతోనే అతను చిటికెడు మించి వేయలేదు.

సంచిలోంచి బ్యాటరీ తీసి తగిలించాడు. నీలం మొదలైంది. సగానికి వచ్చింది. ఆగలేదు. సాయంత్రపు చీకటి గదిలోకి పాకినట్టు చివరంచు దాకా పాకింది. అందరూ గిన్నె మీదికి వంగారు.

"ఎవరు తోస్తున్నారు బాబూ దాన్ని?" అంది అత్తగారు గుసగుసగా.

"ఎవరూ తోయడం లేదండీ. ఎవరి చోట వాళ్ళుండి, పక్కవాళ్ళకి అందిస్తున్నారంతే," అని, తన మాట తనకే వినబడి ఆగిపోయాడు. వంటింటి నుంచి వీధిగదికి గిన్నె వచ్చింది. వీళ్ళలో ఒక్కరూ ఇల్లంతా నడవలేదు.

"టైమవుతోంది. బూట్లేసుకోండి, అదిలా ఇవ్వండి," అంది భార్య.

అతను గిన్నెను గుండెకు హత్తుకున్నాడు. ఆమె చేతుల వంక చూశాడు. ఖాళీగా ఉన్నాయి.

గిన్నె అందించాడు. ఈసారి మాత్రం అదేమిటో, ఎక్కడికి వెళ్ళాలో చెప్పి ఇచ్చాడు.