ఆఖరి గంజాయి మొక్క

జిల్లాలో మిగిలిన ఆఖరి గంజాయి మొక్కను తన స్వహస్తాలతో పీకి పారేస్తానని మత్తు మొక్కల నిర్మూలన శాఖ మంత్రిగారు ప్రకటించారు. అది ఎక్కడుందని ఒక విలేకరి అడిగితే, ఎక్కడుంటే అక్కడికే వస్తానన్నారు. అంతటి నిరాడంబరులు.

చిక్కేమిటంటే అనకాపల్లి చుట్టుపక్కల పల్లంలో గంజాయి పండదు. కొండ మీంచి లారీల్లో దిగి, పాయకరావుపేట దాటి తన దారిన తాను పోతుంది. పోనీ కొండెక్కుదామంటే మంత్రిగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ శాఖ ఇన్‌స్పెక్టరు ఆనందకుమార్ బాగా ఆలోచించాడు. పీకాలంటే ముందు నాటాలి గదా అని తేల్చుకుని, జీపేసుకుని మునగపాకలో చెరుకు రైతు దేముడి ఇంటికి వచ్చాడు.

దేముడికి బోరుంది, బోరులో నీళ్ళున్నాయి, కరెంటు మాత్రం లేదు. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకు తెలుసు.

"ఒక్కటే మొక్క దేముడూ. ప్రభుత్వ మొక్క. మంత్రిగారు పీకిన మర్నాడే నీ బోరుకి కరెంటు."

"నన్ను జైల్లో ఎయ్యరు గదా బాబూ?"

"ప్రభుత్వం కోసం పెంచినవాణ్ణి ప్రభుత్వమే జైల్లో వేస్తుందా? నీకేమన్నా మతి పోయిందా?"

అరుగు మీద గోంగూర ఒలుస్తున్న దేముడి భార్య కాసులమ్మ తలెత్తింది. "ఆ మాట కాయితమ్మీద రాసిత్తారా బాబూ?"

ఇన్‌స్పెక్టరు ఆ మాట వినిపించుకోకుండా మొక్క గుణగణాల్లోకి దిగాడు. ఆయన హైదరాబాదులో ట్రైనింగయినవాడు. "ఇది సటైవా. అసలు సిసలు జాతి. ఆకులు సన్నగా చేతివేళ్ళలా ఉంటాయి. నిలువెత్తు దాటి పోతుంది. పొట్టి రకాలు తొందరగా పూస్తాయి గానీ దీనికి పూత ఆలస్యం. రైతుకి ఓపిక ఉండాలి."

"సెరుక్కి ఏడాది ఆగుతున్నాం, దీనికి ఆగలేమేటి?" అన్నాడు దేముడు.

మంత్రిగారూ అదే జాతి. వస్తానన్న తేదీకి రాలేదు, ఇంకో తేదీ ఇచ్చి దానికీ రాలేదు. ఆయన వాయిదా వేసినప్పుడల్లా మొక్క ఇంకాస్త పెరిగింది. దేముడికి పంటను పాడుచేయడం చేతకాదు. చెరుక్కి చేసినట్టే మొదట్లోకి మట్టి ఎగదోసి, గాలికి పడిపోకుండా వెదురు కర్ర పాతి కట్టాడు. దొంగలు పడకుండా కానిస్టేబుల్ గోవింద్‌ను కాపలా పెట్టారు. చివరికి మొక్క విరగబూసింది.

అప్పట్నుంచి తనిఖీలు మొదలయ్యాయి. ఆ శాఖలో ఎంతమంది అధికారులున్నారో దేముడికి అప్పుడే తెలిసింది. వచ్చిన ప్రతి ఒక్కరూ మొక్కను చూసి గంభీరంగా తలాడించి, శాంపిల్‌కని ఓ కొమ్మ తుంచుకుని వెళ్ళారు. శాంపిల్ చాలలేదని కొందరు మళ్ళీ వచ్చారు.

మంత్రిగారు నిజంగానే వస్తున్నారన్న రోజు పొద్దున్నే దేముడు చేలోకి వెళ్ళి చూస్తే, కర్రకు కట్టిన మోడు మాత్రం ఉంది. పక్కనే గోవింద్ గట్టు మీద చేరబడి చిరునవ్వు నవ్వుతున్నాడు.

"మామా, నీ సెరుకులు ఎంత బాగా మాటాడతన్నాయో" అన్నాడు.

దేముడు వెనకే వచ్చిన కాసులమ్మ వైపు తిరిగాడు. "ఒసే, నేనే అమ్మేసేనంటారే. అయిపోయేను" అని గట్టు మీద కూలబడ్డాడు. కాసులమ్మ అటూ ఇటూ చూసింది. చేను పక్కన తను రోజూ గోంగూర కోసుకునే గోగు మొక్కల్లో ఏపుగా ఉన్నదాన్ని వేళ్ళతో సహా పెకలించి తెచ్చింది.

"దానాకూ సేతివేళ్ళే, దీనాకూ సేతివేళ్ళే. పాతియ్యి, ఎవుడు సూడొచ్చేడు."

మంత్రిగారు దండలతో సహా వచ్చి, మొక్కను పట్టుకుని ఒక్క లాగు లాగారు. అప్పుడే పాతింది కాబట్టి సులువుగా వచ్చేసింది. చప్పట్లు మోగాయి. గోగుకాడ ముళ్ళు అరచేతికి గుచ్చుకోగానే, "చూశారా, ఎంత దుర్మార్గపు మొక్కో" అన్నారు. ఆకు నలిపి వాసన చూసి, కళ్ళు మూసుకుని, తల తిరుగుతోందన్నారు. వెనకున్న అధికారులందరికీ హోదాల వారీగా తల తిరిగింది.

ఫొటోలో ఒక పక్క ఖాళీగా ఉంది. "పెంచిన ద్రోహి ఏడీ?" అన్నారు మంత్రిగారు. ఇన్‌స్పెక్టరు చెయ్యి దేముడి భుజమ్మీద పడింది.

"బాబూ, అది గోగు మొక్క బాబూ."

"దొరికిన ప్రతివాడూ అదే అంటాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దేముణ్ణి ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. మొక్కను సాక్ష్యంగా వరండాలో, గది కిటికీ పక్కన నిలబెట్టారు. మంత్రిగారు పీకిన మొక్క గనక ల్యాబు రిపోర్టు ఆఘమేఘాల మీద వచ్చింది: మేలు జాతి సటైవా, మత్తు అత్యధికం. పదేళ్ళు తప్పవు మామా అని గోవింద్ ఓదార్చాడు. దేముడు పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం కాసులమ్మ మొగుడికి క్యారేజీ తెచ్చింది. లోపలికి వెళ్ళే తిండిని ముందు పరీక్షించాలన్నది రూలు. ఇన్‌స్పెక్టరు రూలు ప్రకారం కూర గిన్నె ఆసాంతం పరీక్షించాడు.

"ఎండు రొయ్యలేసిన గోంగూర! ఈ పులుపు తిని ఎన్నాళ్ళయిందో. ఏ చేలోదమ్మా?"

"సేలోది కాదు బాబూ, మీ వరండాలోదే. పొద్దున్న మా ఆయన్ని సూడ్డానికొచ్చి, కిటికీ కాడ కోసుకెళ్ళేను."

ఇన్‌స్పెక్టరు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"గంజాయైతే సాక్ష్యం తమరు తినేసేరు. గోంగూరైతే మంత్రిగారు గోంగూర పీకేరు. ఏది రాసుకుంటారో రాసుకోండి. మా ఆయన్ని మాత్రం పంపించేయండి."

ఇన్‌స్పెక్టరు రిపోర్టు వంక చూశాడు, గిన్నె వంక చూశాడు. ఎడంచేత్తో తాళం తీశాడు. "మొక్క పెంచింది గుర్తు తెలియని వ్యక్తి. అర్థమైందా? ఇంటికి పో."

గుర్తు తెలియని వ్యక్తి గుమ్మం దగ్గర ఆగి, "మరి బోరుకి కరెంటో బాబూ?" అన్నాడు. కాసులమ్మ అతని రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది.

"అలా ఉండిపోయేరేటి సార్? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు గోవింద్.

"తల తిరుగుతోంది గోవిందూ" అని, ఇన్‌స్పెక్టరు గిన్నె అంచున మిగిలిన రొయ్యను తీసి నోట్లో వేసుకున్నాడు.