పాంతెలిస్ ఎడమ చెవి

ఆ ఉదయం పాంతెలిస్ పెట్టుకున్న పనులు మూడే. పాత కెప్టెన్ చేత ఒక సంతకం పెట్టించుకోవడం, పదకొండింటికి మెడికల్ బోర్డు అప్పీలులో ఆ కాగితం ఇచ్చేయడం, వస్తూ వస్తూ కవాలా రేవులో సార్డీన్ చేపలు కొనుక్కోవడం. చేపల సంగతి ఇప్పుడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది: కొనలేదు.

పాంతెలిస్ సైన్యం బ్యాండులో పెద్ద ఇత్తడి తాళాలు వాయించేవాడు. పళ్లెమంత తాళాలు రెండింటిని ఇరవై రెండేళ్లు చెవి పక్కన ఠంగుమనిపిస్తే ఏమవుతుందో అదే అయింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి తనకు బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తోంది. వినపడనివాడు బ్యాండుకు పనికిరాడని అతన్ని ఇంటికి పంపేశారు. అంతవరకూ న్యాయమే. కానీ వైకల్యం లెక్కగట్టే చోట, ఉద్యోగం వల్ల కలిగిన నష్టం సున్నా శాతం అన్నారు. ఎందుకయ్యా అంటే, ఫిరంగి మోత, ఇంజను మోత, పేలుడు మోత, ఇవీ రొదలు. సంగీతం రొద కాదు కాబట్టి దానివల్ల చెవి పోదట! ఈ ముక్క రాయడానికి డాక్టరు చదువు అవసరమా అని పాంతెలిస్ వారం రోజులు గోడలతో వాదించాడు.

ఉద్యోగంలో ఒళ్లు చెడినవాడికి క్వార్టర్సు ఉంటుంది. తనంతట తాను చెడినవాడు నెలాఖరుకి ఖాళీ చేయాలి. భార్య ఎవాంథియా ముందే చెప్పేసింది: "మా వదిన ఇంటి వెనక గదిలోకి మాత్రం నేను రాను. నువ్వూ నీ తాళాలూ వెళ్లండి."

పెన్షను ఆఫీసు గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. బ్యాండు చేసేది రొదేనని బ్యాండు మాస్టరు ఒక్క ముక్క రాసిస్తే చాలన్నాడు.

బ్యాండు మాస్టరు కెప్టెన్ మిల్తియాడిస్ రేవు పక్కన కాఫీ కొట్లో కూర్చుని ఉన్నాడు. కాగితం చదివాడు. మీసం కొనలు రెండూ పైకి లేచాయి.

"నా బ్యాండుది రొదా?"

"కాదు సార్. కాగితం మీద మాత్రమే రొద."

"ఇరవై రెండేళ్లు నా సంగీతంలో బతికి, ఇప్పుడు రొదని రాయమంటావట్రా? సిగ్గులేదూ?"

"సిగ్గు పడితే ఇల్లు నిలబడదు సార్."

కాఫీ కొట్లో ఇద్దరు మాట్లాడుకుంటే అది ఇద్దరి సంగతిగా మిగలదు. కొట్టు యజమాని స్టాథిస్ గిన్నె తోముతూనే, "రొదే మాస్టారూ! మీరు మా వీధిలో కవాతు చేసిన రోజు మా ఆవిడ కోళ్లు ఒక్క గుడ్డు పెట్టలేదు" అన్నాడు. దాంతో కొట్టు రెండు జట్లయింది. సంగీతమని కొందరు, రొదని కొందరు, కోళ్లు ముసలివని ఇంకొకడు. బల్లలు గుద్దారు. మిల్తియాడిస్ లేచి, "డాక్టర్లే విని తేలుస్తారు, పదండి!" అని అరిచాడు. సాధనకు బయలుదేరిన బ్యాండు బస్సును దారి మళ్లించాడు. సంతకం కోసం ఒంటరిగా వచ్చిన పాంతెలిస్ వెనక ఇప్పుడు ట్రంపెట్లు, డోళ్లు, సగం కాఫీ కొట్టు బయలుదేరాయి.

బోర్డు కూర్చున్న పాత మేడ ముంగిట్లో బ్యాండు బారులు తీరింది. పాంతెలిస్ జాగాలో సైన్యం ఇంకా ఎవరినీ వేయలేదు.

"తాళాలు పట్టు" అన్నాడు మిల్తియాడిస్.

"నన్ను ఇంటికి పంపేశారు కదండీ!"

"అప్పీలు తేలేదాకా నువ్వు నా మనిషివే. పట్టు!"

ఫైలు పట్టుకుని గేటు దగ్గర ఎదురుచూస్తున్న ఎవాంథియా గబగబా వచ్చి అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టింది. "తప్పు వాయించు. ఎంత ఘోరంగా వాయిస్తే అంత మంచిది. వాళ్లకి రొద అనిపించిందా, ఇల్లు మనదే!"

ముగ్గురు డాక్టర్లూ కిటికీలు తెరిచి తొంగి చూశారు. పాంతెలిస్ నిజంగానే తప్పు వాయిద్దామనుకున్నాడు. వదినగారి వెనక గదిని తలుచుకున్నాడు. కానీ మిల్తియాడిస్ మీసం కుడి కొన అదిరింది, తాళాలు రెండూ వాటంతట అవే కలిశాయి, సరిగ్గా పడాల్సిన చోట. మళ్లీ అదిరింది, మళ్లీ కలిశాయి. ఎవాంథియా నెత్తి కొట్టుకుంది. ఆ దెబ్బ కూడా లయ తప్పలేదు. నిజం చెప్పాలంటే పాంతెలిస్‌కి ఆ కాసేపు మహా సంతోషంగా ఉంది.

బోర్డు పెద్ద కల్నల్ వ్రానాస్ అందర్నీ లోపలికి పిలిచి, "అద్భుతం! ఇది రొద కాదు, సంగీతమే" అన్నాడు. తర్వాత పాంతెలిస్ కుడి వైపుకు వంగి గట్టిగా అడిగాడు: "ఇంత కచ్చితంగా వాయించావు, నీకు చెవుడేమిటయ్యా?"

"నాకేం వినపడలేదండీ. బ్యాండు మోగుతుంటే ఏళ్ల తరబడి ఏమీ వినపడటం లేదు. మాస్టారి మీసం చూసి కొడతాను."

మిల్తియాడిస్ మొహం మాడిపోయింది. "ఏళ్ల తరబడా? నేను స్వయంగా కట్టిన కవాతు పాట కూడా వినలేదట్రా?"

"మీసం మాత్రం చాలా బాగుంటుంది సార్."

డాక్టర్లు పరీక్షించారు. చెవుడు నిజమే. అయినా వ్రానాస్ ఊరుకుంటాడా? "చెవి పోయింది, ఒప్పుకున్నాం. కానీ తాళాలు కొట్టిందెవరు? ఇతనే. తన చెవి పక్కన తానే కొట్టుకున్నాడు. స్వయంకృతం. సున్నా శాతం" అంటూ పెన్ను తీశాడు.

ఎవాంథియా కుర్చీలో కూలబడింది. ఆ మాటలు పాంతెలిస్ చెవిన పడలేదు, కానీ ఆమె మొహం చూసి ఇల్లు పోయిందని తెలుసుకున్నాడు. ఆమె పక్కన చేరి చేయి పట్టుకున్నాడు.

అప్పుడు మిల్తియాడిస్ గర్జించాడు. "స్వయంకృతమా? నా బ్యాండులో ఎవడి ఇష్టానికి వాడు కొడతాడనుకున్నారా? వీడు సొంత బుద్ధితో ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు! ఇందాక ఆవిడ తప్పు కొట్టమని చెవిలో పోరినా కొట్టలేకపోయాడు! ప్రతి దెబ్బా నా ఆజ్ఞే!"

"ప్రతిదీ?" అన్నాడు వ్రానాస్.

"ప్రతిదీ!"

"రాసిస్తారా?"

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆజ్ఞ ప్రకారం చేసిన పనిలో ఒళ్లు చెడితే అది ఉద్యోగ నష్టమే. ఆ మాత్రం రూలు వ్రానాస్‌కీ తెలుసు. నిట్టూర్చి సున్నా కొట్టేసి యాభై శాతం వేశాడు. ఎవాంథియా ఏడుస్తూ కెప్టెన్ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది, మీసం ఎంత అడ్డొచ్చినా.

తీర్పులో నష్టానికి కారణం అన్న చోట "సంగీతం" అని రాశారు. మిల్తియాడిస్ ఒక నకలు అడిగి పుచ్చుకుని బ్యాండు గదిలో అద్దం కట్టించి పెట్టాడు. తన బ్యాండుది సంగీతమేనని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవడం అదే మొదటిసారి.